ముళ్ళదారం

కాకినాడ,
23–3–1969.

శ్రీపతి గారికి,
జోగారావు నమస్కారాలు.

మీతో చెప్పకుండా వచ్చేశాను. మీకు కోపంగా ఉంటుందని తెలుసు కాబట్టి ముందు ఆ మాటే రాస్తున్నాను. పధ్నాలుగో తారీకు పొద్దున అశోక్ నగర్లో మా వాటా కిటికీ మీద రెండు రాళ్ళు పడ్డాయి. ఇంటాయన కిషన్ రావు గారు లుంగీ మీదే గేటు దగ్గరికి పరుగెత్తి, "నా ఇంటి మీద రాయేస్తార్రా? ఎవని కొడుకువురా నువ్వు? మీ నాయన నాకెరుకే!" అని కేకలేసి వాళ్ళని తరిమేశారు. పాపం, ఆయన చేయగలిగింది ఆయన చేశారు. మా హైమవతి మాత్రం ఆ ఇంట్లో ఇక పచ్చి మంచినీళ్ళు ముట్టనని కూచుంది. సాయంత్రం బండికి బయల్దేరాం. రిక్షా నారాయణగూడలో మీ దుకాణం ముందు నుంచే వచ్చింది. దిగి రెండు ముక్కలు చెప్పి ఉండాల్సింది. దిగలేదు.

ఇక్కడ మా మేనమామ వీరరాఘవరావు గారి పలుకుబడితో ఒక ఆసుపత్రిలో చేరాను. పెద్ద సర్జనుగారికి మన ముళ్ళదారం గురించి చెప్పాను. చీర కుచ్చెళ్ళలో గడ్డిముల్లు దిగితే ముందుకే పోతుంది గాని వెనక్కి రాదు కదండీ, సన్నటి నైలాన్ దారానికి అలాంటి ముళ్ళు చెక్కితే వేలిని వంచే టెండన్ తెగితే దాని రెండు కొసల్నీ ముడి లేకుండా పట్టి ఉంచుతుంది, ముడి లేకపోతే వేలి లోపలి గొట్టంలో ఇరుక్కోదు, వేలు మునుపటిలా ముడుచుకుంటుంది అన్నాను. విదేశీ పత్రికలో కుక్క కాళ్ళ మీద చేసి చూశారనీ, మనం మూడేళ్ళుగా చిక్కడపల్లి మార్కెట్లో మేక కాళ్ళు కొని చేస్తున్నామనీ చెప్పాను. "ఆ ముళ్ళు ఎవరు చెక్కుతారయ్యా?" అన్నారు. "గడియారాలు బాగుచేసే ఆయన, నా స్నేహితుడు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "టీ తాగుదాం పద" అన్నారు. అంతే సంగతులు.

మీ చెల్లెలు దమయంతికి ఆపరేషను జరిగి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. మనిషి మీద ఈ దారం వేయడం నాకు అదే మొదలు, ఆమె ఒప్పుకుంది కాబట్టి వేశాను. ఇరవై ఆరో తారీకున మా నర్సింగ్ హోమ్ నర్సు విద్యావతి మీ ఇంటికి వచ్చి చేతికున్న చెక్కబద్ద విప్పుతుంది. విప్పాక ఉంగరపు వేలిని ఎవరూ పట్టుకుని వంచకండి. ఆమెంతట ఆమెనే వంచమనండి. డిసెంబర్లో టైపు పరీక్ష ఉందనీ, అది ప్యాసయితేనే ఆఫీసులో పర్మనెంటు అవుతుందనీ బెంగపడుతుండేది. అప్పటికి వేళ్ళన్నీ లొంగుతాయని చెప్పండి. ఆపరేషను చక్కగా జరిగింది. మనం అనుకున్నట్టే జరిగింది. దాని గురించి మీరు మనసులో ఏమీ పెట్టుకోకండి.

మీ
జోగారావు

నారాయణగూడ,
9–4–1969.

డాక్టర్ సాబ్‌కు శ్రీపతి నమస్తే చెప్పి రాస్తున్న ఉత్తరం.

కోపం లేదని రాస్తే అబద్ధమైతది. రిక్షాల పోతుంటే మిమ్మల్ని చూసిన. హైమవతమ్మ ఒళ్ళో స్టవ్వు పెట్టుకున్నది, మీరు పెట్టె పట్టుకున్నరు. దిగుతరేమో అని చక్రాలు పట్టే చిమ్టా కింద పెట్టి లేచి నిలబడ్డ. రిక్షా నాంపల్లి దిక్కు మళ్ళింది. నేను కూసున్న. సరే, అది అయిపోయింది.

విద్యావతమ్మ ఇరవై ఆరుకు రాలేదు. ఆ మూడు రోజులు తెలంగాణ బంద్. ఇరవై తొమ్మిదికి గల్లీల నుంచి నడుచుకుంట చిక్కడపల్లిల మా ఇంటికి వచ్చి కట్టు విప్పింది. దమయంతిని వేళ్ళు వంచమంటే మూడు మంచిగ వంగినయి. ఉంగరం వేలు జర కదిలినట్టు అనిపించింది. "మెల్లమెల్లగ వస్తది, తొందరపడొద్దు" అన్నది విద్యావతమ్మ. పోయేటప్పుడు గుమ్మంల నిలబడి నాతోని ఏదో చెప్పబోయి, చెప్పులేసుకొని పోయింది.

మా బావ పోయినంక నాలుగేండ్ల సంది ఆ నౌకరీ ఒక్కటే దమయంతికి ధైర్యం. నా ఇంట్ల తింటున్నదని నేను ఒక్కనాడు అనలే, మా ఇంటామె కూడా అనలే. అయినా దానికి గట్లనే ఉంటది. నెల మొదటి తారీకు బియ్యం సంచి అదే తెస్తది. బస్సు అద్దం పగిలి అరచేతిల దిగిన నాడు రక్తం కారుతున్నా అది అడిగిన మొదటి మాట "అన్నా, టైపు కొట్టొస్తదా?" అని. ఇప్పుడు కూడా రోజూ గదే మాట.

ఊరు ఊరు లెక్క లేదు. కాలేజీలు మూసిన్రు. దుకాణం షట్టరు సగం దింపి కూసుంటున్న. గడియారాలు ఎవరూ తెస్తలేరు. బంద్ రోజుల్ల టైం ఎవనికి కావాలె?

దారం గురించి రాసిన్రు. అంతా మంచిగనే చెక్కిన. మేక కాళ్ళకు చెక్కినదానికంటే ఎక్కువ జాగర్త తీసుకున్న. ఆపరేషనుకు ముందటి రెండు రోజులల్ల అయిదు చెక్కి ఇస్తే మీరు ఒక్కటే వాడిన్రు. తక్కిన నాలుగు సీసల వేసి మీరే పట్టుకపోయిన్రు. అవి మీదగ్గరనే ఉన్నయా?

శ్రీపతి

కాకినాడ,
2–5–1969.

ప్రియమైన శ్రీపతి గారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వేలు "జర కదిలినట్టు అనిపించింది" అని రాశారు. గడియారం జర నడిచినట్టు అనిపించింది అని ఎవరైనా అంటే మీరు ఒప్పుకుంటారా? నడుస్తోందా లేదా అని అడగరూ?

అందుకని ఇలా చేయండి. దమయంతిని బల్ల మీద చెయ్యి వెల్లకిలా పెట్టమనండి. ఉంగరపు వేలు మధ్య కణుపును మీరు గట్టిగా పట్టుకోండి. చివరి కణుపు మాత్రం వంచమనండి. వంగితే దారం పట్టుకున్నట్టు. వంగకపోతే ఇంకా వాపు ఉండి ఉండవచ్చు, మరో నెల చూడాలి. రోజూ రెండు పూటలా గోరువెచ్చటి నీళ్ళలో చెయ్యి ముంచాలి. చపాతీ పిండి ముద్ద పిసకమనండి. నొప్పి పుడితే ఆపాలి, భయపడి మాత్రం ఆపకూడదు.

మీరు నిజం రాయండి. నా మనసు కష్టపడుతుందని కల్పించి రాయొద్దు. విద్యావతి ఏదో చెప్పబోయి ఆగిందన్నారు. తర్వాత ఎప్పుడైనా ఏమైనా అందా? ఆవిడకి అన్నిటికీ కంగారెక్కువ, మీరు పట్టించుకోకండి. అయినా ఏమందో నాకు రాయండి.

ఇక్కడ నన్ను అందరూ హైదరాబాదు డాక్టరు అంటున్నారు. నిన్న మా పిన్ని ఆదిలక్ష్మి గారింట్లో మజ్జిగ పోస్తుంటే "జర ఆగండి" అన్నాను. ఇంటిల్లిపాదీ ఘొల్లుమన్నారు. అక్కడ ఆంధ్రావాణ్ణి, ఇక్కడ హైదరాబాదువాణ్ణి. ఎక్కడివాణ్ణో మా హైమవతినే అడగాలి. "మీరు ఆపరేషను బల్ల దగ్గరివాళ్ళు, ఇంకెక్కడివాళ్ళూ కారు" అంటుందావిడ. నవ్వుతూ అనదు.

నాలుగు దారాలూ స్పిరిట్ సీసాలో భద్రంగా ఉన్నాయి.

మీ
జోగారావు

నారాయణగూడ,
28–6–1969.

డాక్టర్ సాబ్‌కు,

నిజం రాయమన్నరు. రాస్తున్న. వేలు వంగదు. మీరు చెప్పినట్టే కణుపు పట్టుకొని చూసిన, ఒక్కసారి కాదు, నెల రోజులు. సీదా నిలబడ్డది. పిడికిలి పట్టమంటే తక్కిన నాలుగు వేళ్ళు మడిచినా అదొక్కటి లేచి ఉంటది. చపాతీ పిండి పిసికి పిసికి మా ఇంట్ల అందరం రొట్టెలు తిని మొఖం మొత్తింది, వేలు మాత్రం రాలే.

ఆఫీసుకు పోతున్నది. టైపు కొట్టేటప్పుడు ఆ వేలు పై వరుస అక్షరాల మీద పడి అడగనిది అచ్చైతది. నాలుగు మాటలకు ఒక తప్పు. ఆఫీసరు మంచోడు, "డిసెంబరు దాక చూస్తనమ్మా, ఆపైన నా చేతిల లేదు" అన్నడట. దమయంతి వచ్చి నాకు చెప్పలే, మా ఇంటామెకు చెప్పి ఏడ్చింది. సాయంత్రం అశోక్ నగర్ల టైపు నేర్పే పద్మ దగ్గరికి పోయి మల్ల రెండు గంటలు కొడుతది. చెయ్యి కొంగు కింద పెట్టుకొని నడుస్తది, దుకాణంల సౌదా తీసుకునేటప్పుడు ఎడమ చెయ్యి చాపుతది.

మొన్న మా మేనబావ రాఘవేందర్ వచ్చిండు. "ఆంధ్ర డాక్టరు మన పిల్ల చెయ్యి మీద ప్రయోగం చేసి పారిపోయిండు. పదిమందిని తీస్కపోయి ఆ నర్సింగ్ హోమ్ అద్దాలు పగలగొట్టి వస్తం" అని లేచిండు. దమయంతి పొయ్యికాడి నుంచి వచ్చి "నా చెయ్యి తెగింది అద్దం పగిలితేనే. ఇంకోటి పగలగొడితే అతుకుతదా?" అన్నది. వాడు కూసున్నడు.

నేను వానికి ఏం చెప్పలే. మీకు చెప్తున్న. మీరు ఉండుంటే గిట్ల కాకపోవు. కుట్టినోడు విప్పేదాక ఉండాలె. గడియారం ముక్కలు ముక్కలు విప్పి బల్ల మీద పరిచి, దుకాణం మూసుకొని ఊరికి పోతనా నేను? రాళ్ళు పడ్డయంటే పడ్డయి. నాలుగు రోజులు మా ఇంట్ల ఉండకపోయిన్రా? మా ఇంటిమీద ఎవడేస్తడు రాయి? అడగనే అడగలే మీరు.

ఎనిమిదేండ్ల దోస్తానా మనది. ఈ మాటలు రాస్తుంటే నాకే మంచిగ లేదు. రాయకుంటే ఇంకా మంచిగ లేదు.

శ్రీపతి

కాకినాడ,
3–9–1969.

శ్రీపతి గారికి,

రెండు నెలలు జవాబు రాయలేదు. రాద్దామని కూచుంటే ప్రతిసారీ మీ గడియారం ముక్కల మాట దగ్గరే ఆగిపోయాను. మీరన్నది నిజం. రాఘవేందర్ అన్నది కూడా నిజమే. పారిపోయాను. కట్టు మూడు రోజులు ఆలస్యమైనందుకే దారం తెగిందో, విప్పిన రోజు వేలు ఒక్కసారిగా లాగిందో, దగ్గర లేనివాణ్ణి ఏం చెప్పగలను? తప్పు నాది. మీరు అలాగే అనుకోండి, నాకు అదే న్యాయంగా ఉంది.

మీకు ఒక సంగతి చెప్పాలి. జగన్నాథపురంలో పడవలు కట్టే వడ్రంగి దాసయ్య అని ఉన్నాడు. ఉలి జారి కుడి చూపుడు వేలి టెండన్ తెగింది. పైన చర్మం మానింది గాని వేలు వంగదు. ముగ్గురు పిల్లలు, ఉలి పట్టకపోతే పొయ్యి వెలగదు. నేను మళ్ళీ మళ్ళీ అడగగా పెద్ద సర్జనుగారు చివరికి, "సరే, కానివ్వవయ్యా, నీ ముళ్ళేవో చూద్దాం" అన్నారు. ఈ పన్నెండో తారీకు శుక్రవారం ఆపరేషను. మీరు చెక్కిన నాలుగు దారాల్లో ఒకటి వేస్తున్నాను. దమయంతికి దారం లోపలికి తక్కువ దూరం పోనిచ్చానేమోనని ఇన్నాళ్ళూ ఆలోచించాను. ఈసారి ఇంకొంచెం లోతుగా పోనిస్తాను.

ఇది కుదిరితే దమయంతి వేలు మళ్ళీ విప్పి అదే దారంతో చేయవచ్చు. ఆ ఆశతోనే ఈ పని పెట్టుకున్నాను. మీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు, హైమవతికి కూడా. చెబితే "ఇంకో చెయ్యి కావాల్సొచ్చిందా?" అంటుంది.

జోగారావు

తంతి
హైదరాబాదు, 10–9–1969.

దాసయ్యకు నా దారం వేయవద్దు. తప్పు దారంలో ఉంది. ఉత్తరం వెనక వస్తున్నది. శ్రీపతి.

నారాయణగూడ,
10–9–1969.

డాక్టర్ సాబ్,

తంతి కొట్టి పోస్టాఫీసు మెట్ల మీదనే కూసొని రాస్తున్న. మీ ఉత్తరం ఎనిమిదో తారీకే అందింది. రెండు రోజులు జేబుల పెట్టుకొని తిరిగిన. నిన్న లోయర్ ట్యాంక్ బండ్ దాక నడిచిపోయి మల్ల నడిచి వచ్చిన. రెండు రోజులు ఎందుకు తిరిగినవురా అని నన్ను నేనే తిట్టుకుంటున్న. తంతి శుక్రవారం లోపల అందాలె. అందకుంటే ఆ దాసయ్య పాపం కూడా నాకే.

చెప్తున్న, వినుండ్రి. మార్చి మూడు, నాలుగు తారీకులల్ల దమయంతికోసం అయిదు దారాలు చెక్కిన. కంటికి అద్దం పెట్టుకొని ఒక్కొక్క ముల్లు లేపిన. మేక కాలికి చెక్కినప్పటిలెక్కనే చెక్కిన. మొదటి దారం అయినంక అలవాటు ప్రకారం వేళ్ళ నడుమ పట్టి లాగి చూసిన. చర్రున గుచ్చింది. బొటనవేలి మీద రక్తం చుక్క లేచింది. మేకకు చెక్కినప్పుడు కూడా గుచ్చేది, నవ్వుకునేటోణ్ణి. ఆ రోజు మాత్రం నవ్వు రాలే. ఈ ముళ్ళు దమయంతి చేతిల బతికినన్ని రోజులు ఉంటయి కదా అనిపించింది. టైపు కొట్టినప్పుడల్లా లోపల గీరుతయి కదా అనిపించింది.

మా ఉస్తాద్ దగ్గర పన్నెండేండ్లు పని నేర్చిన. చక్రం పన్ను మీద వెంట్రుకంత గరుకు ఉన్నా చెంప మీద కొట్టేటోడు. గరుకు ఉన్న ముక్క దుకాణం గడప దాటొద్దు అనేటోడు. నా చేతిలకు వచ్చిన ఏ ముక్కనైనా నున్నగ చెయ్యకుండ వదలడం నాకు చాతకాదు. మేక కాళ్ళకిచ్చిన దారాలను వదిలిన, ఎందుకంటే మేక నా చెల్లె కాదు. నూనె తోలు ముక్క తీసి ఆ ముళ్ళ మొనలన్నీ రుద్దిన. అద్దం కింద చూస్తే ముళ్ళు ముళ్ళలెక్కనే ఉన్నయి, మొనలు మాత్రం గుండ్రంగ అయినయి. అయిదూ అట్లనే చేసిన. మంచిపని చేసిన అనుకున్న డాక్టర్ సాబ్. మీకు తెచ్చి ఇస్తే చేతిల తీసుకొని "అబ్బ, పట్టులా ఉందే!" అన్నరు. మురిసిపోయి ఇంటికి వచ్చిన.

మొనలేని ముల్లు ఏం పట్టుకుంటది? ఈ సంగతి నాకు కట్టు విప్పిన నాడే అర్థమైంది. మూడు వేళ్ళు వంగినయి, అదొక్కటి వంగలే. అయినా మీకు "మంచిగనే చెక్కిన" అని రాసిన. తర్వాత "మీరు ఉండుంటే" అని రాసిన. మీరు పారిపోయిన్రు కదా, నా తప్పును తెచ్చి మీ పారిపోవుడు కింద దాసిపెట్టిన. దోస్తు చేసే పనేనా ఇది?

దమయంతికి చెప్పలే. ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? అన్న చెక్కిండంటేనే అది చెయ్యి చాపింది.

శ్రీపతి

కాకినాడ,
25–9–1969.

శ్రీపతీ,

గారు అని రాయడం లేదు. ఈ ఉత్తరంలో ఆ మర్యాదలు నా చేత కావు.

తంతి పదకొండో తారీకు సాయంత్రం అందింది. దాసయ్యకి మామూలు సిల్కు దారంతో, మామూలు ముడితో చేశాను. పదమూడు రోజులైంది, పుండు బాగుంది. వేలు సగమన్నా వంగుతుందని ఆశ. పెద్ద సర్జనుగారు "ముళ్ళేవయ్యా?" అని అడిగారు. మొద్దుబారాయన్నాను.

నువ్వు మొనలు రుద్దావు. సరే. అది నీ తప్పయితే ఆరు నెలలకి రాశావు. నా తప్పు నేను ఇప్పటికీ రాయలేదు. నీ ఉత్తరం రాకపోతే ఎప్పటికీ రాసేవాణ్ణి కాదేమో.

మార్చి అయిదున ఆ దారం దమయంతి టెండన్లోకి పోనిచ్చి రెండోసారి లాగినప్పుడే అది జారింది. నా వేళ్ళకి తెలిసింది. మేక కాళ్ళలో ముల్లు పట్టుకున్నప్పుడు చేతికి ఒక బిగువు తెలుస్తుంది, అది లేదు. మళ్ళీ లాగాను. మళ్ళీ జారింది. విద్యావతి చూసింది. పళ్ళెంలో సిల్కు దారం ఉంది, చేతికి అందిస్తూ "సార్, ఇది జారుతున్నది, సిల్కు వేయండి" అంది. అప్పటికి తీసి మామూలుగా కుట్టడానికి పది నిమిషాలు పట్టేది. "పరవాలేదు, పట్టుకుంటుంది" అన్నాను. మూడేళ్ళు శ్రీపతీ! మూడేళ్ళు మేక కాళ్ళు కోసి, పెద్ద సభలో చదవడానికి వ్యాసం కూడా సగం రాసిపెట్టుకున్నాను. మొదటి మనిషి దగ్గరే ఓడిపోయానని ఒప్పుకోలేకపోయాను. పైన చర్మం కుట్టేసి బయటికొచ్చి, "చక్కగా జరిగింది" అని నీ భుజం తట్టాను.

రాళ్ళు పడ్డ మాట నిజం. హైమవతి భయపడ్డ మాటా నిజం. కాని బండెక్కింది రాళ్ళకి కాదు. కిషన్ రావు గారి గేటు దాటి ఎవరూ రారని నాకు తెలుసు. ఇరవై ఆరో తారీకున ఆ కట్టు విప్పేటప్పుడు నేను ఆ గదిలో ఉండకూడదనుకున్నాను. రాళ్ళు నాకు వంక దొరికాయి. అందరూ ఆంధ్రావాడు ఊరి గొడవకి భయపడి పోయాడనుకున్నారు. ఆ మాట కింద నేనూ హాయిగా దాక్కున్నాను.

దాసయ్యకి అదే దారం వేస్తానని ఎందుకు పట్టుబట్టానో కూడా విను. అతని చేతిలో అది పట్టుకుంటే దమయంతి చేతిలో జారింది నా వల్ల కాదని నాకు నేను చెప్పుకోవచ్చు. ఇంతకన్నా నీచం ఉంటుందా? నీ తంతి దాసయ్య వేలిని కాపాడింది.

మిగిలిన నాలుగు దారాలూ పొయ్యిలో వేశాను. దమయంతికి చెప్పాలో వద్దో, చెబితే ఎంతవరకు చెప్పాలో నువ్వే ఆలోచించి చెయ్యి. నీకు ఎలా తోస్తే అలాగే నాకూ సమ్మతం.

జోగారావు

చిక్కడపల్లి,
18–1–1970.

డాక్టరు గారికి దమయంతి రాయునది.

మీ ఉత్తరాలు, అన్న మీకు రాసి చింపి మల్ల రాసిన ఉత్తరాల చిత్తులు అన్నీ పాత గోడగడియారం డబ్బాల ఉన్నయి. సంక్రాంతికి దుకాణం దులుపుదామని పోతే దొరికినయి. కూసొని అన్నీ చదివిన. అన్నను అడిగితే తల వంచి చేతిల గడియారం చక్రం రుద్దుకుంట కూసున్నడు. నాలుగు నెలల సంది మనిషి సరిగ్గ తింటలేడు. ఎందుకో ఇంట్ల ఎవరికీ తెల్వదు. ఇప్పుడు నాకు తెలిసింది.

మీకొక సంగతి యాది చేస్తున్న. ఆ రోజు మీరు భుజం కాడ సూది ఇచ్చి చెయ్యి మొద్దుబార్చిన్రు. మత్తు నా చేతికే ఇచ్చిన్రు, చెవులకు ఇయ్యలే. నడుమ తెల్లగుడ్డ అడ్డం కట్టిన్రు కాబట్టి నేను చూడలేదు. విన్న. విద్యావతమ్మ జారుతున్నది అన్న మాట విన్న. సిల్కు వేయమన్న మాట విన్న. "పరవాలేదు, పట్టుకుంటుంది" అని మీరన్న మాట కూడా విన్న. మార్చి అయిదు నుంచి నాకు ఎరుకే.

ఎందుకు చెప్పలేదంటరా? ఎవరికి చెప్పాలె? మా రాఘవేందర్ బావ అద్దాలు పగలగొడతనని లేచిన నాడు నేను ఒక్క మాట అంటే చాలు, మీ నర్సింగ్ హోమ్ మిగిలేది కాదు. విద్యావతమ్మ దాంట్ల పనిచేసుకొని ముగ్గురిని సాకుతున్నది. ఆ గల్లీల ఉన్న మీ దిక్కు వాళ్ళ ఇండ్లు నాలుగు, వాళ్ళకేం తెలుసు? నా చెయ్యి పట్టుకొని ఊరు ఊరంత కొట్టుకోవద్దని నోరు మూసుకున్న. అన్న దారం రుద్దిన సంగతి మాత్రం ఎరుకలేదు. తెలిసినంక ఏడ్చిన. కోపానికా, పాపమనా అంటే చెప్పలేను. రెండూ ఉన్నయి.

మీ ఇద్దరి ఉత్తరాలు చదువుతుంటే నాకు ఒకటే అనిపించింది. తప్పు నాదంటే నాదని ఇద్దరు పెద్దమనుషులు ఆరు నెలలు రాసుకున్నరు. నొప్పి ఉన్నదా అని, పరీక్ష ఏమైందని, ఇప్పుడు ఏం చేద్దామని నాకు మాత్రం ఒక్క కార్డు ముక్క రాయలే. దమయంతికి చెప్పాలా వద్దా అని మీరు అన్నను అడిగిన్రు. చెయ్యి నాది కదా డాక్టరు గారూ.

ఇగ అసలు సంగతి. ఊర్ల గొడవలకు డిసెంబరు పరీక్ష ఆగి ఏప్రిల్ ఇరవై ఆరుకు పడ్డది. ఆఫీసరు ఇదే ఆఖరి అవకాశం అన్నడు. తప్పితే ఆ కుర్చీల ఇంకొకరు కూసుంటరు. నిమిషానికి ముప్పయి మాటలు కావాలె. నేను తొమ్మిది వేళ్ళతోని ముప్పయి రెండు కొడుత, పద్మ గడియారం పట్టుకొని చూసింది. కాని ఆ పదోది ఊకోదు. గుడ్డపీలికతోని వెనక్కి కట్టి చూసినం, పక్క వేలును కూడా గుంజుతది. సీదా నిలబడి ప్రతిదానికి అడ్డం వస్తది, అక్షరాలను చెడగొడుతది, అన్నం కలిపితే పళ్ళెం అంచుకు తాకుతది.

అందుకే ఆ వేలు తీసేయించుకుంటున్న. ఇక్కడి దవాఖానలల్ల రెండు చోట్ల అడిగిన. "బతికున్న వేలు తియ్యమమ్మా, పాపం తగులుతది" అని ఒకరు, "ఇంటికి పోయి మీ పెద్దలను తీస్కరా" అని ఇంకొకరు పంపించిన్రు. అది ఎట్ల చచ్చిందో తెలిసిన డాక్టరు మీరొక్కరే. మీరు కాదనలేరు. కాదంటే మాత్రం మీ పశ్చాత్తాపం నాకు అక్కరలేదు.

క్షమించినవా అని మీరు అడగలేదు, అడగొద్దు కూడా. క్షమించిన అంటే మీకు నిద్ర పడుతది, నాకు పరీక్ష ప్యాస్ కాదు. ముందు ఇది కానియ్యండి.

పుండు మానడానికి నెల, మల్ల వేగం పట్టడానికి నెల కావాలె. అంటే ఫిబ్రవరి పది లోపల మీరు రావాలె. విద్యావతమ్మతో మాట్లాడిన, నర్సింగ్ హోమ్‌ల ఆపరేషను గది ఇప్పిస్తనన్నది. దిగేందుకు మా ఇల్లు ఉన్నది, మా వదినకు చెప్పిన. స్టేషనుకు నేనే వస్త. అన్న రాడు, ఆయనకు ఇంకా మీ మొఖం చూసే ధైర్యం లేదు. కుట్టేది మాత్రం సిల్కుతోనే కుట్టాలె, ముడి ఎంత పెద్దగ పడ్డా నాకు ఫికర్ లేదు.

వచ్చే రోజు ముందుగ రాయండి. ఉత్తరం అన్నకు రాయొద్దు. పైన నా పేరు రాయండి.

దమయంతి